తైవాన్‌ను నిలబెట్టింది అమెరికా సాయమా, భూసంస్కరణా?

గోదారిగట్టు:
తైవాన్ అనగానే కష్టపడే జనం, క్రమశిక్షణ అంటూ మొదలుపెడతారు. చమురు, ఇనుప ఖనిజం లేని చిన్న ద్వీపం, నిజమే. కానీ 1951 నుంచి 1965 దాకా అమెరికా ఇచ్చిన ఆర్థిక సాయం దాదాపు 150 కోట్ల డాలర్లు. పైగా 1949 నుంచి 1987 వరకు మార్షల్ లా (సైనిక శాసనం), సమ్మెలపై నిషేధం. డబ్బు బయటిది, కూలి చవక. ఇందులో మిగతా దేశాలు నేర్చుకోడానికి ఏముందండీ?

రైతుబిడ్డ:
సాయం అందింది, కాదనను. ఫిలిప్పీన్స్‌కీ అందింది కదా! అక్కడ పెద్ద ఎస్టేట్లు అలాగే ఉండిపోయాయి. తేడా పొలం దగ్గరే వచ్చింది.

తైవాన్‌లో పంటలో సగం, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ, కౌలుకే పోయేది. 1949లో దాన్ని 37.5 శాతానికి దించారు. 1953లో ఇంకా పెద్ద అడుగు వేశారు. మధ్యరకం వరి పొలమైతే, కౌలుకిచ్చిన దాంట్లో యజమానికి సుమారు 3 హెక్టార్లే. మిగతాది ప్రభుత్వం కొని, దున్నేవాడికి పదేళ్ల వాయిదాల మీద అమ్మింది. యజమానికి పరిహారంలో 70 శాతం బాండ్లు, వాటిని వడ్లు, చిలగడదుంపల లెక్కన కట్టారు. ధరలు మండిపోయినా విలువ పడిపోదు. మిగతా 30 శాతం సిమెంటు, కాగితం లాంటి ప్రభుత్వ కంపెనీల వాటాలు. చాలామంది వాటిని చవగ్గా అమ్ముకున్నారు. కొందరు మాత్రం పరిశ్రమల్లోకి వచ్చేశారు. నాకు ఇంతకంటే తెలివైన పరిహారం ఎక్కడా కనబడలేదు.

సర్క్యూట్:
మీరిద్దరూ 1950ల్లోనే ఆగిపోయారు. రైతు దగ్గర మిగిలింది ప్రభుత్వం పూర్తిగా వదల్లేదు. ఎరువు కావాలంటే వడ్లు కొలవాలి, ఆ మారకం రైతుకి నష్టమే. 1966లో కావోషుంగ్ రేవు నగరంలో ఎగుమతుల కోసమే సరుకు తయారుచేసే జోన్ తెరిస్తే పనిలో చేరినవాళ్లలో ఎక్కువమంది యువతులే. 1976లో అమెరికా ఎలక్ట్రానిక్స్ కంపెనీ ఆర్‌సీఏ నుంచి చిప్ టెక్నాలజీ తీసుకుని, ఇంజనీర్లను అమెరికాకి శిక్షణకు పంపారు. 1987లో మొదలైన చిప్‌ల తయారీ కంపెనీ టీఎస్ఎంసీ పెట్టుబడిలో దాదాపు సగం సర్కారుదే. ఎగుమతుల ఒత్తిడి లేకపోతే ఇదేదీ జరిగేది కాదు.

గోదారిగట్టు:
రైతుబిడ్డ గారూ, ఆ భూమి పంచింది ఎవరు? చైనాలో కమ్యూనిస్టుల చేతిలో ఓడిపోయి వచ్చిన నాయకుడు చాంగ్ కై షేక్ మనుషులు. స్థానిక భూస్వాములతో వాళ్లకి చుట్టరికం లేదు, ఓట్ల భయం లేదు. అందుకే పంచగలిగారు.

రైతుబిడ్డ:
పంచడం ఎలా వీలైందో మీరు సరిగ్గా చెప్పారు. పంచాక ఎందుకు ఫలించిందన్నది వేరే సంగతి. పట్టా చేతికిచ్చి వదిలేయలేదు. గ్రామీణ పునర్నిర్మాణానికి అమెరికాతో కలిసి వేసిన సంయుక్త కమిషన్ మంచి విత్తనాలు, కాలువలు, రైతు సంఘాల మీద ఖర్చు పెట్టింది. మీరు చెప్పిన 150 కోట్ల డాలర్లలో కొంత చేరింది ఆ పొలాలకేనండీ.