దేవమాలి వాలుపై పచ్చ ఈగలు: ఎత్తు ప్రభావమా, అడవి ప్రభావమా?

ప్రశ్న – జీవశాస్త్ర ఉపాధ్యాయుడు, రాయగడ
మా రాయగడ చేపల బజారులో ఎండుచేపల మీద ముసిరే, ఎర్రని పెద్ద కళ్ళున్న నీలిపచ్చ ఈగను క్రైసోమియా మెగాసెఫాలాగా గుర్తించాను. కొరాపుట్ జిల్లాలో దేవమాలి వైపు ఎక్కేకొద్దీ, చెట్ల నీడలో పెట్టిన ఎర మీద ఇది పలచబడి, దాదాపు దీనిలాగే ఉండే మరొక ఈగ కనిపిస్తోంది. ఉష్ణమండల పర్వతారణ్యాలలో కళేబరాలపై వాలే ఈగల విస్తరణను నిర్ణయించేది ఎత్తా, అడవా? విద్యార్థుల చేత ప్రాజెక్టు చేయించే ముందు పెద్దల అభిప్రాయం తెలుసుకోగోరుతున్నాను.

జవాబు – కీటకశాస్త్ర విద్యార్థిని, కొరాపుట్
మాస్టారూ, ఎత్తు చాటున పనిచేసేది ప్రధానంగా ఉష్ణోగ్రత. వెయ్యి మీటర్లకు సుమారు 6.5 డిగ్రీల చొప్పున తగ్గుతుందనుకుంటే, దాదాపు 200 మీటర్ల ఎత్తున ఉన్న రాయగడకూ 1,672 మీటర్ల దేవమాలి శిఖరానికీ తొమ్మిది డిగ్రీలకు పైగా తేడా వస్తుంది. గుడ్డు రెక్కల ఈగగా మారడానికి పట్టే కాలం వేడిని బట్టే ఉంటుంది కనుక, మైదానపు జాతి చలిలో నెమ్మదించి, చలికి అలవాటుపడిన జాతులకు చోటిస్తుంది. ఉత్తర థాయ్‌లాండ్ కొండ అడవులలో క్రైసోమియా పింగ్విస్, లూసీలియా పోర్ఫిరైనా వంటివి ఈ విధంగానే కనిపిస్తాయి. మీరు చూసినది పింగ్విసో కాదో తేల్చడానికి మగ ఈగ కన్ను చూడండి: మెగాసెఫాలాలో కంటి పైభాగపు పెద్ద కటకాలకూ కిందిభాగపు చిన్న కటకాలకూ మధ్య గీత గీసినట్టు స్పష్టమైన హద్దు ఉంటుంది, పింగ్విస్‌లో అంత స్పష్టంగా ఉండదు.

జవాబు – పశువైద్యుడు, పర్లాకిమిడి
ఉష్ణోగ్రత మాట నిజమే కానీ, దానితోనే సరిపెట్టలేము. మెగాసెఫాలా మనిషి చుట్టూ బతికే ఈగ. చెత్తకుప్పలు, మరుగుదొడ్లు, సంతలోని మాంసపు వ్యర్థాలు ఉన్న చోటికల్లా అది చేరుతుంది. కొండ మీద గ్రామం గానీ పర్యాటకుల తాకిడి గానీ ఉంటే అక్కడా దొరకవచ్చు. పశువుల పుండ్లలో పురుగులు పడటానికి కారణమయ్యే క్రైసోమియా బెజ్జియానా సంగతి వేరు. అది బతికున్న జంతువు గాయంలోనే గుడ్లు పెడుతుంది కాబట్టి కళేబరపు ఎరతో దాని విస్తరణను అంచనా వేయకూడదు. నా సలహా ఏమిటంటే, ఒకే ఎత్తులో దట్టమైన అడవిలో ఒక బోను, పోడు కొట్టిన ఖాళీ నేలలో మరొక బోను పెట్టండి. అలా పోల్చకపోతే ఎత్తునూ అడవినీ విడదీయలేరు.

జవాబు – కీటకశాస్త్ర విద్యార్థిని, కొరాపుట్
డాక్టరు గారి సూచన చాలా అవసరమైనది. దానికి ఒకటే చేరుస్తాను: రెక్కల ఈగలు కిలోమీటర్ల దూరం ఎగరగలవు, కాబట్టి బోనులో పడినంత మాత్రాన ఆ ఎత్తులో అవి సంతానం పెంచుతున్నాయని చెప్పలేము. ఎర మీది పురుగులను తెచ్చి, రంపపు పొట్టు వేసిన సీసాల్లో పెంచి, వెలువడిన ఈగల జాతిని నమోదు చేయించండి. వాటిలో ఒంటినిండా ముళ్ళవంటి పొడవాటి బుడిపెలున్నవి ఉంటే వేరే సీసాలోకి మార్చండి. అవి క్రైసోమియా రూఫిఫేసీస్ పురుగులు కావచ్చు, అవి పక్క జాతుల పురుగులను తినేసి లెక్క మొత్తం తారుమారు చేస్తాయి.