‘తెరుని… తిని’: ఉరార్తు రాతిమీద పేరు పెట్టడం

ప్రశ్న: ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లో అరిన్‌బెర్ద్ గుట్టమీద 1950లో బయటపడిన ఎరెబుని కోట శాసనంలో, ఆ ప్రాంతపు పాత రాజ్యం ఉరార్తు భాషలో, ‘తెరుని ఇర్బుని తిని’ అని ఉంది. ఈ ‘తిని’ ఏమిటి? దీన్ని మన ‘తిని’కి అంటగట్టేవాళ్ళూ ఉన్నారు.

జవాబు: ఆ చుట్టరికం కుదరదండీ. ఉరార్తు భాషకు రూఢిగా తెలిసిన బంధువు హుర్రియన్ అనే మరో పాత పశ్చిమాసియా భాష ఒక్కటే. ‘తిని’ అంటే పేరు. ‘తెరు’ అంటే పెట్టు, నిలుపు. చివరి ‘-ఉని’ కర్తనీ కర్మనీ ఒకేసారి చెబుతుంది: అతను, దాన్ని. క్రీ.పూ. 782లో మెనువా కొడుకు, ఉరార్తు రాజు అర్గిష్తి కోట కట్టి దానికి ‘ఇర్బుని’ (అదే ఎరెబుని) అని పేరు పెట్టాడు. ‘నామకరణం చేశాడు’ అని పెద్దమాట వేయక్కర్లేదు, ‘పేరు పెట్టాడు’ అంటే మూలానికి అచ్చంగా సరిపోతుంది. ద్రాక్షతోట వేసినప్పుడూ రాజులు ఇదే ధాతువు వాడారు: ‘తెరుబి’, అంటే పెట్టాను. మనమూ మొక్కా పెడతాం, పేరూ పెడతాం. పోలిక అంతవరకే.

ప్రశ్న: పగిలిన ముక్కమీద ‘తెరుని’ ఒక్కటే మిగిలితే ఏ రాజుదో తెలుస్తుందా?

జవాబు: తెలియదు. రాజు పేరు మిగిలినా చాలదు. అర్గిష్తిలు ఇద్దరు, ఒకరు మెనువా కొడుకు, ఇంకొకరు రుసా కొడుకు. సర్దూరిలు, రుసాలు కూడా ఒకరికంటే ఎక్కువే. పట్టుకోవాల్సింది తండ్రి పేరుని. శాసనంలో రాజు పేరు తర్వాత ‘మెనువా కొడుకు’ అనే అర్థంలో వచ్చే ‘మెనువాహినిషె’ని విడదీయండి: ‘హి’ ఫలానావాడి కొడుకు అని చెబుతుంది, ‘ని’ అతుకు, ‘షె’ సకర్మక క్రియకు కర్తను చూపే గుర్తు, హిందీ ‘నే’ లాంటిది. ముక్కమీద ‘-నువాహినిషె’ మిగిలిందంటే మొదటి అర్గిష్తి అని దాదాపు చెప్పొచ్చు. దాదాపు ఎందుకంటే మెనువాకు ఇనుష్పువా అనే కొడుకు పేరూ శాసనాల్లో వస్తుంది.

‘షె’ లేకుండా ‘-హి’ దగ్గరే ఆగితే అక్కడ ‘కట్టాడు’ లాంటి క్రియను ఊహించి నింపకండి. అది బిరుదుల వరుస కావచ్చు: బలవంతుడైన రాజు, బియాయినిలి (ఉరార్తువాళ్ళు తమ దేశాన్ని పిలుచుకున్న పేరు) రాజు, తుష్పా (వాళ్ళ రాజధాని) పట్టణ ప్రభువు.

ఇంకొకరు: చదివేటప్పుడు ఒక జాగ్రత్త. ఉరార్తు రాత అస్సీరియా రాతలాగే మేకుల్లాంటి గీతలతో ఉంటుంది. మనిషి పేరు ముందు ఒక నిలువు మేకు గుర్తు ఉంటుంది, దాన్ని అక్షరంగా లెక్కపెట్టొద్దు. ఉరార్తు శిల్పులు రాతిమీద గీతను గీత దాటనిచ్చేవాళ్ళు కాదు. నిలువు మేకు అడ్డొస్తే అడ్డగీతను రెండు ముక్కలు చేసి అటొకటి ఇటొకటి చెక్కేవారు. అస్సీరియా మట్టిపలకలకు అలవాటుపడ్డ కన్ను ఆ ఒక్క గీతనే రెండనుకుని వేరే గుర్తు చదివేస్తుంది. ఎదురు వెలుతురులో తీసిన ఫొటోలో ఇది తేలదు. పక్కనుంచి ఏటవాలుగా దీపం పెట్టి తీసిన ఫొటో కావాలి. ఇక మనం పూరించిన అక్షరాలు చదరపు బ్రాకెట్లలోనే ఉండాలి, ‘హల్దినిని’ (హల్ది అనే దేవుడి పేరుతో వచ్చే మాట) లాంటి రోజూ కనబడే మాటైనా సరే.