జర్మనీలో కారుతో కూడిన ఆఫర్: ఒప్పుకోవాలా, జీతమే పెంచమనాలా?

అందరికీ నమస్కారం. జర్మనీ వచ్చి రెండు నెలలైంది. కొత్త ఆఫర్ వచ్చింది. జీతం ఇప్పటికంటే కాస్త తక్కువ, కానీ సొంతానికి కూడా వాడుకునేలా కారు ఇస్తామంటున్నారు. ఆఫీసు ఇంటికి 30 కిలోమీటర్లు. లాభమే అనిపిస్తోంది. మీరేమంటారు?

జవాబు 1

సంతకం పెట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. నేను 2018లో ఎవరినీ అడగకుండా పెట్టేశాను.

ఆ కారు ఊరికే రాదండీ. సొంతానికి వాడుకోనిస్తే దాన్ని కూడా జీతంగా లెక్కగట్టి పన్ను వేస్తారు. పేస్లిప్‌లో ‘గెల్ట్‌వేర్టర్ ఫోర్టైల్’ అని కనిపించేది అదే. మామూలు పెట్రోల్, డీజిల్ కారైతే లిస్ట్ ప్రైస్‌లో (కంపెనీ ప్రకటించిన కొత్త కారు ధరలో) నెలకు 1 శాతం మీ జీతానికి కలుపుతారు. కంపెనీ డిస్కౌంట్‌లో కొన్నా, మీ చేతికొచ్చేసరికి పాతబడినా, కొత్తప్పటి లిస్ట్ ప్రైసే లెక్క. దానికి తోడు ఇంటికీ ఆఫీసుకూ మధ్య ఒక వైపు దూరానికి కిలోమీటరుకు 0.03 శాతం.

ఈ రెండోదాన్నే చాలామంది మర్చిపోతారు. నా కారు 38,000 యూరోలు, కాబట్టి 380 కలుస్తుంది అనుకున్నాను. ఆఫీసు 42 కిలోమీటర్లు. కిలోమీటరుకు 11.40 చొప్పున దాదాపు 479 యూరోలు! కారు కంటే దారికే ఎక్కువ. మొత్తం 859. అదంతా పోదు, దాని మీద పన్ను, జీతం పరిమితి లోపల ఉంటే సోషల్ కాంట్రిబ్యూషన్లు (పెన్షన్, ఆరోగ్య బీమా లాంటి కోతలు) పోతాయి. అయినా మొదటి పేస్లిప్ చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అందుకే ముందు ఎలక్ట్రిక్ కారు అడగండి. 2025 జూలై 1 నుంచి కొన్న ఎలక్ట్రిక్ కార్లకు, ధర 1,00,000 యూరోలు దాటకపోతే, లిస్ట్ ప్రైస్‌లో నాలుగో వంతే లెక్కలోకి వస్తుంది. నా 859 కాస్తా 215 దగ్గర ఆగేది. ఎక్కువగా ఇంటి నుంచే పనైతే, ఆఫీసుకు వెళ్లిన రోజులకే, రోజుకు కిలోమీటరుకు 0.002 శాతం చొప్పున లెక్క కట్టమని పేరోల్ వాళ్లను అడగొచ్చు. నెలకు ఎనిమిది రోజులే వెళ్తే దారి భాగం దాదాపు సగమవుతుంది.

కారుతో ఎంత చేతికొస్తుంది, కారు లేకుండా అదే ఖర్చు జీతంలో కలిపితే ఎంత వస్తుంది, రెండూ హెచ్‌ఆర్‌ను రాసివ్వమనండి. ఎలాగూ కారు కొనాలనుకుంటుంటే ఒప్పుకోండి. రైలు సరిపోతుందనుకుంటే నా ఓటు జీతానికే. దేశమంతా లోకల్ రైళ్లు, బస్సులకు పనికొచ్చే డాయిచ్‌లాండ్ టికెట్ 2026 జనవరి నుంచి నెలకు 63 యూరోలు. పైగా తర్వాతి ఉద్యోగంలో మాటలు మొదలయ్యేది జీతం అంకె దగ్గరే.

జవాబు 2

అన్నగారు లెక్క బాగా చెప్పారు. లైసెన్స్ సంగతి నేను చెప్తాను. ఇక్కడ స్థిరపడ్డాక మన ఇండియా లైసెన్స్ ఆరు నెలలే చెల్లుతుంది. ఆ తర్వాత థియరీ, డ్రైవింగ్ రెండు పరీక్షలూ పాసవ్వాలి. మీకు మిగిలింది నాలుగు నెలలు. డ్రైవింగ్ స్కూల్లో ఈ వారమే పేరు నమోదు చేసుకోండి. థియరీ ఇంగ్లీషులో రాయొచ్చు, దానికి టెన్షన్ వద్దు. లైసెన్స్ చేతికొచ్చాకే కారు ఇచ్చేలా రాయించుకోండి. లేకపోతే నడపలేని కారుకు నెలనెలా పన్ను కట్టాల్సి రావచ్చు.

పిల్లల కోసం ఎల్టర్న్‌ట్సైట్ (పేరెంటల్ లీవ్) తీసుకుంటే, నోటీసు సమయంలో ఇంట్లో ఉండమంటే కారు తిరిగి ఇచ్చేయాలా? యాక్సిడెంట్ అయితే మీ జేబులోంచి ఎంత? ఇవన్నీ కారు ఒప్పందంలో ఉంటాయి, ఆఫర్ లెటర్‌లో కాదు. ఆ కాగితం కూడా పంపమని ఇవాళే మెయిల్ పెట్టండి.