అప్‌డేట్: అపాచీ అప్‌డేట్ తర్వాత వచ్చిన 403 సాల్వ్ అయింది

పోయిన వారం అడిగా కదా, సర్వర్‌లో అపాచీ (సైట్ పేజీలు పంపే వెబ్ సర్వర్ సాఫ్ట్‌వేర్) 2.4.62 వేశాక కొన్ని పేజీలకి మాత్రమే 403 (చూడ్డానికి అనుమతి లేదు అనే ఎర్రర్) వస్తోంది, పర్మిషన్లు అన్నీ కరెక్టే అని. దొరికింది అండి. ఎర్రర్ లాగ్‌లో ఏహెచ్10508 అనే ఎర్రర్ కోడ్‌తో ఒక లైను ఉంది, నేనేమో యాక్సెస్ లాగే తిరగేస్తూ కూర్చున్నా 🤦

"ఉగాది ఎప్పుడు?" లాంటి టైటిల్స్ ఉన్న పేజీలే పడిపోయాయి. ప్రశ్నార్థకం లింకులో %3ఎఫ్ అయిపోతుంది, నా రీరైట్ రూల్ (వచ్చిన లింకుని లోపల ఇంకో అడ్రస్‌గా మార్చే సెట్టింగ్) దాన్ని ఇండెక్స్ ఫైలు వెనక ఇంకో ప్రశ్నార్థకం పెట్టి అతికిస్తుంది. 2024 జులైలో 2.4.60లో సెక్యూరిటీ ఫిక్స్ వచ్చినప్పటి నుంచి ఈ కాంబినేషన్‌ని అపాచీ ఆపేస్తుంది. రూల్‌కి అన్‌సేఫ్‌అలౌ3ఎఫ్ ఫ్లాగ్ పెడితే 403 పోతుంది, పెట్టా కూడా, కానీ పేరులోనే అన్‌సేఫ్ అని ఉంటే రాత్రి నిద్ర పట్టలేదు, పొద్దున్నే తీసేశా.

ఇప్పుడు రూల్ ఉత్త ఇండెక్స్‌కే పంపుతుంది, పేజీ పేరు రిక్వెస్ట్ యూఆర్ఐ (బ్రౌజర్ అడిగిన అడ్రస్) నుంచి కోడ్‌లోనే తీసుకుంటున్నా. పాత లింకులన్నీ ఓపెన్ అవుతున్నాయి.

2.4.60కే వెనక్కి వెళ్దామా అనుకున్నవాళ్ళకి, వద్దు బాబోయ్, ఈ 403 అందులోనూ వస్తుంది, పైగా యాడ్‌టైప్‌ (ఫైలు రకం చెప్పే అపాచీ సెట్టింగ్) తో పీహెచ్‌పీ నడిపేవాళ్ళకి సోర్స్ కోడ్ బయటపడే బగ్ ఉంది, 61లో సగమే సరిచేశారు, 62లో పూర్తయింది.