యెషయా 25లో చెప్పిన విందు నిజంగా భోజనమేనా?

మౌలాలి నుంచి:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా చర్చిలో బైబిల్లోని యెషయా ప్రవక్త గ్రంథం 25వ అధ్యాయం ధ్యానించాం, ఆరాధన అయ్యాక ప్రేమ విందు. మొదటి బంతిలో కమిటీవాళ్లు, కానుకలు బాగా ఇచ్చేవాళ్లు కూర్చున్నారు. మూడో బంతికి వచ్చేసరికి బిర్యానీలో ముక్క లేదు, తెల్లన్నం, చారే మిగిలాయి. ఇళ్లల్లో పనిచేసుకునే ఒక అక్క "ఏసయ్య విందులో కూడా మాది ఆఖరి బంతేనా అన్నా" అని నవ్వుతూ అనేసి, ప్లేటు కింద పెట్టి వెళ్లిపోయింది. అప్పట్నుంచి నాకు అదే తిరుగుతోంది. 6వ వచనంలో దేవుడు కొండమీద చేస్తాడన్న విందు నిజం భోజనమా, పరలోకానికి పోలికా? పాస్టర్‌గారిని అడిగితే ఆత్మీయంగా తీసుకోవాలని దాటేశారు.

నల్లగుట్ట బ్రదర్:
ఆత్మీయంగానే తీసుకుందాం సరే, మరి యెషయా మెనూ ఎందుకు రాసినట్టు? మూలుగు అన్నాడు, అంటే మనం నల్లి బొక్క కొట్టి జుర్రుకునేది. మడ్డిమీది ద్రాక్షారసం అంటే అడుగున మడ్డితోనే చాలాకాలం ఊరనిచ్చి తర్వాత వడకట్టింది. మామూలోళ్ల ఇంట్లో రోజూ దొరికేవి కావివి. అవి "సమస్తజనముల నిమిత్తము" అంటున్నాడు చూడండి. నిర్గమకాండం 24లో సీనాయి కొండెక్కి దేవుణ్ని చూసి తిని తాగింది మోషే, అహరోను, అతని ఇద్దరు కొడుకులు, 70 మంది పెద్దలే. ఇక్కడా కొండే, పిలుపు మాత్రం అందరికీ. నాకు ఇంకా నచ్చేది 8వ వచనం: జనం తింటుంటే దేవుడు మరణాన్ని మింగేస్తాడు. సిరియాలోని రాస్ షమ్రాలో 1929లో మొదలైన తవ్వకాల్లో దొరికిన మట్టిపలకల్లో మోత్ అనే మృత్యుదేవుడు ఉంటాడు, నోరు తెరిచి మింగడమే వాడి పని. హీబ్రూలో మరణానికి మాట కూడా దాదాపు అదే, మావెత్. మింగేవాణ్నే మింగేయడం అన్నమాట.

ఉప్పల్ అంకుల్:
బాబూ, అందరూ అందరూ అని ఊరికే పరిగెత్తకు, 10వ వచనంలో ఇశ్రాయేలు పొరుగు దేశమైన మోయాబును తొక్కేస్తున్నాడు కదా. ప్రకటన గ్రంథం 19 చదువు, 9లో గొఱ్ఱెపిల్ల (అంటే క్రీస్తు) పెండ్లివిందు, 17లో పక్షులను పిలిచే విందు, ఆ రెండోదాంట్లో వడ్డించేది మనుషుల మాంసం, గుర్రాల మాంసం. లూకా 14లో విందు ఉపమానంలో పొలం కొన్నా, ఎద్దులు కొన్నా అని సాకులు చెప్పినవాళ్లను కూడా ఎవరూ గెంటలేదు, పిలిచినా వాళ్లే రాలేదు. బంతి గొడవకైతే పౌలు కొరింథు సంఘానికి రాసిన మొదటి పత్రిక 11 చాలు, "ఒకడు ఆకలిగొనును మరియొకడు మత్తుడవును". మీరు తినేది ప్రభువు భోజనమే కాదని పౌలు మొహం మీదే అనేశాడు, మీ కమిటీవాళ్లకు అది ఒకసారి చదివి వినిపించు.

సికింద్రాబాద్ సిస్టర్:
మా దగ్గర కమిటీవాళ్లే వడ్డిస్తారు, ఆఖర్న తింటారు. మొదట్లో మొహాలు మాడ్చుకున్నారు లెండి. లూకా 12:37లో యజమానే నడుము కట్టుకుని దాసులను పంక్తిలో కూర్చోబెట్టి వడ్డిస్తాడు కదా, అది చూపించాక ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

మౌలాలి నుంచి:
థాంక్స్ అండి. కోత పండుగకు ఇలాగే చేద్దామని కమిటీలో అడుగుతా, ఏమంటారో మరి. అక్కకు ఫోన్ చేశా, వస్తానంది, కాకపోతే నల్లి బొక్క ఒకటి పక్కన పెట్టించమంది.