హార్బర్‌ఫ్రంట్ స్టేషన్‌లో దిగాక ఎటు? సెంటోసా, మౌంట్ ఫేబర్, బతామ్ ఫెర్రీ గురించి

ప్రశ్న: తీరంవెంట

సింగపూర్‌లో ఒక రోజంతా హార్బర్‌ఫ్రంట్ వైపు పెట్టుకున్నాం. బస లిటిల్ ఇండియాలో. మేమిద్దరం, అరవై దాటిన అమ్మ, ఆరేళ్ల బాబు. అమ్మ నడవగలదు కానీ మెట్లంటే ఇబ్బంది. అడగాల్సినవి ఇవీ:

రైలు ఎక్కడైనా మారాలా? స్టేషన్‌లో ఏ గేటు దేనికి? సెంటోసా దీవికి మోనోరైలు మేలా, నడకా? అదే రోజు మౌంట్ ఫేబర్ కొండా చూడొచ్చా? మర్నాడు మేమిద్దరమే ఇండోనేషియా దీవి బతామ్ వెళ్లొద్దామనుకుంటున్నాం, ఆ ఫెర్రీ కూడా ఇక్కడి నుంచేనా?

జవాబు: ఊదారంగు లైను

రైలు మారక్కర్లేదండి. లిటిల్ ఇండియాలో నార్త్ ఈస్ట్ లైన్, అంటే ఊదారంగు లైను, హార్బర్‌ఫ్రంట్ వైపు ఎక్కండి. ధోబీ ఘాట్, క్లార్క్ కీ, చైనాటౌన్, ఔట్రమ్ పార్క్ దాటాక ఐదో స్టాపు, అదే ఆఖరు. స్టేషన్ నంబర్లు చూసుకుంటూ వెళ్లేవాళ్లు ఔట్రమ్ పార్క్ ఎన్ఈ3, తర్వాతది ఎన్ఈ1 అని చూసి ఒక స్టేషన్ దాటిపోయిందేమోనని కంగారు పడతారు. ఎన్ఈ2 అనే స్టేషన్ లేదు.

గేటు దగ్గర వీసా, మాస్టర్ కార్డు నేరుగా ఆనించొచ్చు. మన బ్యాంకు యాప్‌లో అంతర్జాతీయ లావాదేవీలు, కాంటాక్ట్‌లెస్ రెండూ ముందే ఆన్ చేసుకోండి, లేకపోతే గేటు తెరుచుకోదు. విదేశీ కార్డు మీద వాడిన ప్రతి రోజుకీ 60 సెంట్ల రుసుము అదనంగా పడుతుంది. మనిషికో కార్డు ఉండాలి. ఇంకో తప్పు చాలామంది చేస్తారు: లోపలికి కార్డుతో వెళ్లి, బయటికి అదే కార్డు ఉన్న ఫోన్‌తో వస్తారు. యంత్రానికి అవి రెండు వేర్వేరు కార్డులు. ప్రయాణం సగంలో ఆగిపోయినట్టు లెక్కేసి ఎక్కువ చార్జీ వేస్తుంది. దేనితో లోపలికి వెళ్తే దానితోనే బయటికి రండి.

ఇక గేట్లు. ఈ స్టేషన్‌లో అసలు విషయం ఇదే. పైన రోడ్డు వెడల్పు, ట్రాఫిక్ ఎక్కువ. తప్పు గేటులో బయటపడితే మళ్లీ కిందికి దిగి అవతలికి నడవాలి.

వివోసిటీ మాల్, సెంటోసా: గేటు ఈ. హార్బర్‌ఫ్రంట్ సెంటర్, కేబుల్ కార్: గేటు బీ. కొండ ఎక్కే కాలిబాట: గేటు డీ.

గేటు ఈ మిమ్మల్ని మాల్ బేస్‌మెంట్‌లోకి చేరుస్తుంది. సెంటోసా ఎక్స్‌ప్రెస్, అంటే మీరడిగిన మోనోరైలు, మాత్రం మూడో అంతస్తులో, లాబీ ఎల్ దగ్గర. 'స్టేషన్ పక్కనే మోనోరైలు' అని విని వచ్చినవాళ్లు ఇక్కడే తికమకపడతారు. అమ్మగారితో లిఫ్టులో వెళ్లేటట్టయితే ముందు లాబీ ఎల్ బోర్డు పట్టుకోండి, మాల్ చాలా పొడుగు.

మోనోరైలుకి మనిషికి 4 సింగపూర్ డాలర్లు, వివోసిటీలో ఎక్కేటప్పుడే తీసుకుంటారు. మూడేళ్లు దాటితే పిల్లలకీ అంతే. తిరుగు ప్రయాణానికీ, దీవి లోపల స్టేషన్ల మధ్య తిరగడానికీ మళ్లీ ఇవ్వక్కర్లేదు. అందుకని వెళ్లేటప్పుడు నడిచి, వచ్చేటప్పుడు మోనోరైలు ఎక్కితే ఖర్చు సున్నా. నీటి మీదుగా ఉన్న సెంటోసా బోర్డ్‌వాక్ సుమారు 700 మీటర్లు, నీడ ఉంది, నిలబడితే ముందుకు తీసుకెళ్లే ట్రావెలేటర్లు ఉన్నాయి. అమ్మగారికీ ఇబ్బంది ఉండదు. అది రిసార్ట్స్ వరల్డ్ దగ్గర తేలుతుంది. యూనివర్సల్ స్టూడియోస్‌కి అదే సరి. బీచ్‌కి వెళ్లాలంటే అక్కడి నుంచి మోనోరైలు ఎక్కి ఆఖరి స్టేషన్ బీచ్‌లో దిగండి.

జవాబు: అలలవంతెన

అందరూ దిగగానే సెంటోసా వైపు పరుగెడతారు. ఈ ప్రాంతంలో చూడదగ్గది వెనక కొండ వైపు ఉందని నా గట్టి అభిప్రాయం, అదీ పూర్తిగా ఉచితం.

గేటు డీ పక్కనే మరాంగ్ ట్రెయిల్ మొదలవుతుంది. సుమారు 800 మీటర్ల దూరంలో 70 మీటర్ల ఎత్తు ఎక్కుతుంది. దారిలో మెట్లే ఎక్కువ. అమ్మగారికి ఇది వద్దు. ఆవిడకి రెండు దారులున్నాయి: టాక్సీలో నేరుగా మౌంట్ ఫేబర్ పైకి, లేదా కేబుల్ కార్. కేబుల్ కార్ స్టేషన్ హార్బర్‌ఫ్రంట్ టవర్ 2 భవనంలో 15వ అంతస్తులో ఉంది. ఒక వైపు మౌంట్ ఫేబర్, మరో వైపు నీటి మీదుగా సెంటోసా. ఆకాశహర్మ్యం మధ్యలోంచి డబ్బా దూరి వెళ్లడం మీ బాబుకి భలే నచ్చుతుంది. టికెట్ కొనేటప్పుడు గుర్తుంచుకోండి: సెంటోసా లోపల తిరిగే కేబుల్ కార్ లైను వేరు. మౌంట్ ఫేబర్ లైనులో దిగి కొంచెం నడిస్తే గానీ దాని స్టేషన్ రాదు.

ఫేబర్ పైనుంచి హెండర్సన్ వేవ్స్‌కి పావుగంట, ఇరవై నిమిషాల నడక, దాదాపు చదును. రోడ్డుకి 36 మీటర్ల ఎత్తున, 274 మీటర్ల పొడవున అలల్లా వంగిన చెక్క వంతెన. వంపుల లోపల కూర్చునే చోట్లు ఉన్నాయి. అమ్మగారు ఇక్కడిదాకా వచ్చి వెనక్కి వెళ్తే చాలు.

ఓపిక ఉన్నవాళ్లు తెలోక్ బ్లాంగా కొండ మీదుగా ఫారెస్ట్ వాక్ పట్టుకోండి. చెట్ల కొమ్మల ఎత్తులో 1.3 కి.మీ. ఇనుప నడకదారి. నేలంతా జాలీ, కింద లోయ కనిపిస్తుంది, సన్న మడమల చెప్పులు ఇరుక్కుపోతాయి. వాలు మెల్లగా ఉంటుంది కనుక చక్రాల కుర్చీ కూడా వెళ్తుంది. తర్వాత అలెగ్జాండ్రా ఆర్చ్ వంతెన, అక్కడి నుంచి అలెగ్జాండ్రా రోడ్డు వెంట దిగితే లాబ్రడార్ పార్క్ స్టేషన్. అక్కడి నుంచి సర్కిల్ లైన్ అనే ఇంకో రైలు లైనులో రెండో స్టాపే హార్బర్‌ఫ్రంట్. గేటు డీ నుంచి నడిచి లాబ్రడార్ పార్క్ స్టేషన్‌కి రెండున్నర నుంచి మూడు గంటలు పెట్టుకోండి. తలా లీటరు నీళ్లు తప్పనిసరి, మధ్యలో కొట్లు తక్కువ. కోతులుంటాయి, చేతిలో ప్లాస్టిక్ సంచి పట్టుకోకండి. సంచి చప్పుడైతే వాటికి తిండి అన్నట్టే.

ఇంకా కాళ్లు ఆడుతుంటే లాబ్రడార్ పార్క్ స్టేషన్ పక్కనే బెర్లాయర్ క్రీక్ మడ అడవి వెంట 960 మీటర్ల చెక్కబాట. అది సముద్రం ఒడ్డున తేలుతుంది. అక్కడ 'డ్రాగన్ పంటి ద్వారం' శిల ఉంది. అది నకలు. ఓడలకి గుర్తుగా నిలిచిన అసలు శిలని 1848లో నౌకామార్గం వెడల్పు చేయడానికి పేల్చేశారు. నావికులు శతాబ్దాల పాటు దారి గుర్తుపట్టిన రాయి అది. ఈ రేవు ఇక్కడెందుకు పుట్టిందో ఆ నకలు ముందు నిలబడితే అర్థమవుతుంది.

తీరంవెంట

చాలా థాంక్సండి. వాన పడితే? ఏ వరసలో చూడమంటారు?

జవాబు: అలలవంతెన

కొండ పొద్దున, దీవి సాయంత్రం. వానలు మధ్యాహ్నం ఎక్కువ. మెరుపులుంటే కేబుల్ కార్ ఆపేస్తారు, తడిస్తే మరాంగ్ మెట్లు జారతాయి. ఏడున్నరకల్లా ఎక్కడం మొదలుపెడితే ఎండ ముదరకముందే హెండర్సన్ వేవ్స్ దాటేస్తారు. వాన వస్తే వివోసిటీలో గడపండి. తెరిపిచ్చాక అదే మూడో అంతస్తులో బయట స్కై పార్క్‌లో చీలమండ లోతు నీటి కొలను ఉంది, పిల్లలు ఆడుకోవచ్చు, టికెట్ లేదు. బాబుకి ఒక జత బట్టలు అదనంగా పెట్టుకోండి.

జవాబు: రేవుదారి

బతామ్ సంగతి. ఫెర్రీ టికెట్ మీద టెర్మినల్ పేరు చదవండి. హార్బర్‌ఫ్రంట్ నుంచి బతామ్‌కి పడవలున్నాయి, కానీ ఊరికి తూర్పు చివరన తానా మేరా నుంచి కూడా ఉన్నాయి. పక్కనున్న మరో ఇండోనేషియా దీవి బింతాన్ పడవలు తానా మేరావే. సెయింట్ జాన్స్, కుసు దీవుల పడవలు మెరీనా సౌత్ పియర్ నుంచి. పెద్ద క్రూయిజ్ ఓడలు చాలావరకు మెరీనా బే క్రూయిజ్ సెంటర్‌లో ఆగుతాయి. హార్బర్‌ఫ్రంట్‌లో ఉన్నది సింగపూర్ క్రూయిజ్ సెంటర్. ఈ రెండు పేర్లూ కలిపేసుకుని ఓడ తప్పిపోయినవాళ్లున్నారు.

భారత పాస్‌పోర్టు అయితే ముందుగా సింగపూర్ వీసా మీద మల్టిపుల్ జర్నీ అని ఉందో లేదో చూడండి. లేకపోతే బతామ్ నుంచి తిరిగి రానివ్వరు. ఇండోనేషియా వీసా అక్కడ దిగాక తీసుకోవచ్చు, ముందే ఆన్‌లైన్‌లో తీసుకుంటే వరసలో నిలబడే పని తప్పుతుంది. సింగపూర్ అరైవల్ కార్డు (దేశంలోకి వచ్చేవాళ్లు నింపే ఆన్‌లైన్ ఫారం) వెనక్కి వచ్చేటప్పుడు మళ్లీ నింపాలి, ఉచితం, వచ్చే రోజుకి మూడు రోజుల్లోపు ఎప్పుడైనా నింపొచ్చు.

అన్నిటికంటే ఎక్కువ దెబ్బకొట్టేది గడియారం. బతామ్ సింగపూర్ కంటే గంట వెనక. తిరుగు పడవ సమయం ఇండోనేషియా లెక్కలో ఉంటుంది. సింగపూర్ చేరే సమయానికి ప్రయాణం గంటతో పాటు ఇంకో గంట కలపండి. సాయంత్రం విమానం ఉన్న రోజు బతామ్ పెట్టుకోకండి. పడవకి గంట ముందే టెర్మినల్‌లో ఉండాలి, ఇమిగ్రేషన్ ఉంటుంది మరి.

జవాబు: ఊదారంగు లైను

పైన రాయడం మరిచినవి రెండు. సెంటోసాకి 123 నంబరు సిటీ బస్సు కూడా వెళ్తుంది, మామూలు బస్సు చార్జీయే. వివోసిటీ ముందు స్టాపులో ఎక్కితే బీచ్ స్టేషన్ దగ్గర దింపుతుంది. అమ్మగారికి మూడో అంతస్తు ఎక్కే పని లేకుండా ఇది బాగుంటుంది.

రెండోది, రాత్రి బీచ్‌లో ప్రదర్శన ముగియగానే జనమంతా ఒకేసారి మోనోరైలుకి వస్తారు. బీచ్ స్టేషన్‌లోనే ఎక్కండి, రైలు అక్కడే బయల్దేరుతుంది. దారి మధ్యలోని ఇంబియా స్టేషన్‌లో నిలబడితే నిండిన రైళ్లే వస్తాయి.

సర్కిల్ లైన్ విషయం కూడా. కెప్పెల్, కాంటోన్మెంట్, ప్రిన్స్ ఎడ్వర్డ్ రోడ్ స్టేషన్లతో ఆ లైను మెరీనా బేకి కలిసి వలయం అవుతుంది. అప్పుడు సర్కిల్ లైన్‌కి హార్బర్‌ఫ్రంట్ ఆఖరు కాదు, ఊదారంగు లైనుకి మాత్రమే. పాత మ్యాపు చూసి 'ఆఖరి స్టేషన్‌లో దిగుదాం' అని కూర్చోకండి, పేరు చూసి దిగండి.