పైకప్పు ఎవరిది, కప్పు ఎవరిది? ఫిలిప్పీన్స్‌లో ఆట, ఓటు, డబ్బు

దావావో దారి (చర్చ మొదలు)

సూటిగా అడుగుతున్నా. ఫిలిప్పీన్స్‌లో ఆటల మీదున్న పిచ్చి పేదవాడికి పనికొస్తోందా, రాజకీయ కుటుంబాలకు చవగ్గా దొరికే ప్రచారమా? నా ఓటు రెండోదానికే.

అక్కడ బరంగాయ్ అంటే మన పంచాయతీయో వార్డో అనుకోండి. ఏ బరంగాయ్‌కి వెళ్లినా రేకుల కప్పు వేసిన బాస్కెట్‌బాల్ కోర్టు ఉంటుంది. ఆ కప్పు అంచునో, బోర్డు వెనకాలో ఒక నాయకుడి పేరుంటుంది. జనం సొమ్ముతో కట్టినదానికి తన పేరు తగిలించుకునేవాణ్ణి 'ఎపాల్' అని వెక్కిరిస్తారు. పేర్లూ ఫోటోలూ తీసేయమని 2010లోనే సర్క్యులర్ వచ్చింది. పేరు పోయినచోట ఇంటిపేరులో మొదటి అక్షరం, పార్టీ రంగు వచ్చి కూర్చున్నాయి.

1987 రాజ్యాంగం 2వ అధికరణం 26వ సెక్షన్ రాజకీయ వారసత్వాలను నిషేధించింది. కాకపోతే 'చట్టం నిర్వచించిన మేరకు' అని ఒక తోక తగిలించారు. ఆ నిర్వచనం రాయాల్సింది ఆ కుటుంబాల వాళ్లే. దశాబ్దాలు గడిచినా రాయలేదు, రాస్తారా మరి! ఆటగాళ్లు వస్తే ఇది మారుతుందనుకున్నవాళ్లు సరంగాని ప్రావిన్స్ చూడండి. బాక్సర్ మానీ పక్యావ్ 2010 నుంచి 2016 దాకా అక్కడి ఎంపీ. భార్య 2013లో వైస్ గవర్నర్. 2016లో ఆయన సెనేట్‌కి వెళ్తే ఎంపీ సీటు తమ్ముడికి. ఇంకో తమ్ముడు 2019లో పార్టీ జాబితా దారిలో (నియోజకవర్గం లేకుండా, పార్టీకి పడిన ఓట్లతో వచ్చే సీటు) సభకొచ్చాడు. కొత్త సీసాలో పాత సారా.

రింగ్‌సైడ్

కుటుంబం సంగతి ఒప్పుకుంటాను. కానీ 'ఆట చూపిస్తే పేదవాడు ఓటేస్తాడు' అన్నది తప్పు. అదే పక్యావ్ ఎన్నికల చరిత్ర చూడండి.

2007లో సొంత ఊరు జనరల్ శాంటోస్ ఉన్న దక్షిణ కొటబాటో మొదటి నియోజకవర్గంలో ఓడిపోయాడు. అప్పటికే దేశమంతా అతని ఫైట్లకు టీవీల ముందు కూర్చునేది. 2010లో పక్క ప్రావిన్స్, భార్య ఊరు అయిన సరంగానికి మారి, సొంత ప్రాంతీయ పార్టీ పెట్టుకుని, ఆ ప్రావిన్స్‌ని పుట్టించిన చియోంగ్‌బియాన్ కుటుంబం మీద గెలిచాడు. 2016లో సెనేట్‌కి 1.6 కోట్ల ఓట్లతో ఏడో స్థానం. 2022లో అధ్యక్ష పదవికి దిగితే సుమారు 36 లక్షల ఓట్లు, మూడో స్థానం. గెలిచిన మార్కోస్ జూనియర్‌కి 3.1 కోట్లు. 2025లో మళ్లీ సెనేట్‌కి నిలబడి ఓడాడు.

అంటే చప్పట్లు వేరు, ఓటు వేరు అని అక్కడి పేదవాడికి బాగానే తెలుసు. చదువుకున్నవాళ్లు పేద ఓటర్లను 'బోబోతాంతే' అని తిడతారు, బోబో అంటే మొద్దు, బొతాంతే అంటే ఓటరు. ఆ తిట్టు తిట్టేవాళ్లు ఈ అంకెలు ఒకసారి చూసుకోవాలి. ఎనిమిది వెయిట్ డివిజన్లలో ప్రపంచ టైటిళ్లు గెలిచిన మనిషికే ఇలా అయితే ఇక మామూలు ఆటగాడి సంగతేంటి?

ఓరుగల్లోడు

అన్నా, నాకో డౌటు. గల్లీకో బాస్కెట్‌బాల్ కోర్టు ఉన్నదంటున్నరు. మరి గంత ఆడితే ఒలింపిక్స్‌ల బాస్కెట్‌బాల్ మెడల్ ఏది?

మూడో క్వార్టర్

లేదు తమ్ముడూ, ఒక్కటీ లేదు. 1936 బెర్లిన్‌లో ఐదో స్థానం, 1954 ప్రపంచ పోటీల్లో కాంస్యం, ఒలింపిక్స్‌కి చివరిసారి వెళ్లింది 1972లో. 2023లో 61 ఏళ్ల తర్వాత ఏషియాడ్ స్వర్ణం వచ్చింది, అదొక్కటే ఈమధ్య కాలపు తృప్తి.

పారిస్ 2024 దాకా ఫిలిప్పీన్స్‌కి వచ్చిన ఒలింపిక్ పతకాలు మొత్తం 18. అందులో 10 బాక్సింగ్‌వి. వెయిట్‌లిఫ్టింగ్, జిమ్నాస్టిక్స్, ఈత, అథ్లెటిక్స్ తలా రెండు. కారణం పెద్ద రహస్యమేం కాదు. బాక్సింగ్, వెయిట్‌లిఫ్టింగ్‌లో బరువు తరగతులుంటాయి, కాబట్టి పొట్టి మనిషి పొట్టివాడితోనే తలపడతాడు. బాస్కెట్‌బాల్‌లో రింగు అందరికీ 3.05 మీటర్ల ఎత్తులోనే. డబ్బూ టీవీ సమయమూ మాత్రం ఆ బాస్కెట్‌బాల్ రింగు దగ్గరే ఆగిపోతాయి. 1975లో మొదలైన పీబీఏ ఆసియాలోనే తొలి ప్రొఫెషనల్ బాస్కెట్‌బాల్ లీగ్. అందులో సాన్ మిగెల్ గ్రూపుకి మూడు జట్లు, పంగిలినాన్ గ్రూపుకి మూడు.

బాక్సర్లు ఎక్కడి నుంచి వస్తారో చూడండి. దక్షిణాన మిండనావో, మధ్యలో విసాయాస్ దీవులు. కార్లో పాలామ్ కాగయాన్ దె ఓరోలో చెత్తకుప్పల్లో ఏరుకుని అమ్మిన పిల్లవాడు. టోక్యోలో రజతం తెచ్చాడు. అతన్ని పట్టుకున్నది పీబీఏ కాదు, పెద్ద కంపెనీ కాదు, నగరపాలక సంస్థ పార్కులో నడిపిన బాక్సింగ్ పోటీలు. అక్కడ కోచ్ ఉన్నాడు, పిల్లలకు చిన్న భత్యం ఉంది. నా దృష్టిలో ఈ చర్చకి అసలు జవాబు అక్కడుంది: డబ్బు పతకానికి ముందు వచ్చిందా, తర్వాత వచ్చిందా?

పైసాకు లెక్క

ముందూ తర్వాతా అన్నారు కాబట్టి లెక్క వేద్దాం. 2015 నాటి చట్టం, రిపబ్లిక్ యాక్ట్ 10699 ప్రకారం ఒలింపిక్ స్వర్ణానికి కోటి పెసోలు, రజతానికి 50 లక్షలు, కాంస్యానికి 20 లక్షలు. ఆగ్నేయాసియా క్రీడల స్వర్ణానికి 3 లక్షలు. పెసో అంటే సుమారు రూపాయిన్నర. మెట్రో మనీలాలో 2025 జూలైలో పెట్టిన కనీస వేతనం రోజుకి 695 పెసోలు. నెలకి 26 రోజులు పనిచేస్తే 18,070. ఆ లెక్కన కోటి పెసోలు రావడానికి 46 ఏళ్లు పడుతుంది, అదీ ఒక్క పైసా ఖర్చు పెట్టకుండా. అది రాజధాని వేతనం. కూలి రేటు ప్రాంతానికో మండలి నిర్ణయిస్తుంది, మిండనావోలో ఇంకా తక్కువ.

2023 పేదరిక రేఖ ఐదుగురి కుటుంబానికి నెలకి 13,873 పెసోలు. మనిషికి రోజుకి 92 చిల్లర. దీని కింద ఉన్నవాళ్లనే పేదలుగా లెక్కగట్టి 15.5 శాతం అన్నారు. రేఖకి రెండు పెసోలు పైనున్నవాడు ఆ లెక్కలోకి రాడు. ప్రపంచ బ్యాంకు 2022 నివేదికలో ఇంకో అంకె ఉంది: పై ఒక్క శాతం మందికి జాతీయ ఆదాయంలో 17 శాతం, కింది సగం జనాభాకి కలిపి 14 శాతం.

బహుమానాల్లోనూ ఇదే ఆకారం. 2021లో వెయిట్‌లిఫ్టర్ హిడిలిన్ డియాజ్ దేశానికి తొలి ఒలింపిక్ స్వర్ణం తెస్తే ప్రభుత్వ కోటికి తోడు ఇద్దరు కోటీశ్వరులు చెరో కోటి ఇచ్చారు. 2024లో జిమ్నాస్ట్ కార్లోస్ యూలో రెండు స్వర్ణాలు తెస్తే 3.2 కోట్ల పెసోల ఫ్లాట్. ఇచ్చింది రియల్ ఎస్టేట్ కంపెనీయే లెండి, ప్రకటన ఖర్చు కింద చూసుకుంటే చవకే. తప్పు పట్టట్లేదు, వాళ్ల కష్టం వాళ్లది. కానీ గెలిచిన ఒక్కడి మీద కురిసేది కింద ఉన్న వెయ్యిమంది మీద చిలకరించినా సరిపోయేది.

సిక్కోలు బార్‌బెల్

కోచ్‌ల మాటొచ్చింది కాబట్టి చెబుతున్నా. ఆమదాలవలస కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీలో 110, 130 ఎత్తి 240 కిలోలతో కాంస్యం తెచ్చినప్పుడు మన దగ్గరా ఇదే వాదన నడిచింది, అందుకే నాకీ కథ పరాయిది అనిపించదు.

జాంబోవాంగాలో ట్రైసికిల్ డ్రైవర్ కూతురు డియాజ్. మొదట్లో ప్లాస్టిక్ గొట్టానికి సిమెంటు దిమ్మలు తగిలించి ఎత్తింది. ఇది వినడానికి స్ఫూర్తిగా ఉంటుంది గానీ సాంకేతికంగా ప్రమాదం. మహిళల పోటీ బార్ 15 కిలోలు, పొడవు 2.01 మీటర్లు, చివర్లు బేరింగుల మీద తిరుగుతాయి. బార్‌ని భుజం మీదికి లాగి మణికట్లు తిప్పేటప్పుడు ప్లేట్లు వాటి మానాన అవి తిరగాలి. దిమ్మలు గొట్టానికి బిగిసి ఉంటే ఆ మెలి అంతా మణికట్టు, మోచేతి మీద పడుతుంది. రెండు దిమ్మల బరువు సమానంగా లేకపోతే పిల్లకి నడుం ఒక పక్కకి లాగడం అలవాటైపోతుంది, తర్వాత సరిదిద్దడం మహా కష్టం. కింద కాంక్రీటు నేలైతే బరువు వదిలేయడానికి భయపడతారు. వదలడం నేర్చుకోనివాళ్లకే వెన్ను దెబ్బతింటుంది. అందుకే నాలుగు మీటర్ల చదరం చెక్క వేదిక, రబ్బరు ప్లేట్లు కావాలి. ఒక సెట్టు పదేళ్లు ఎందరికో పనికొస్తుంది. ఒక కోర్టు పైకప్పు ఖర్చులో ఇలాంటివి ఎన్నో వస్తాయి.

2016లో రజతం తెచ్చిన మనిషి 2019లో సోషల్ మీడియాలో సాయం అడగాల్సి వచ్చింది. అదే ఏడాది, అధ్యక్షుడు దుతెర్తేని దించడానికి చూస్తున్నారంటూ అధ్యక్ష భవనం విడుదల చేసిన 'కుట్రదారుల పటం'లో ఆమె పేరు కనబడింది, ఆమె ఖండించింది. టోక్యోలో 97, 127 ఎత్తి 224 కిలోలతో గెలిచాక అదే అధ్యక్షుడు అభినందించి 30 లక్షలు ఇచ్చాడు. గర్వం ఎటు తిరుగుతుందో చూశారుగా.

దావావో దారి

బార్‌బెల్ గారూ, అదే నేను చెబుతున్నది. 2019 ఆగ్నేయాసియా క్రీడలకు న్యూ క్లార్క్ సిటీలో జ్యోతి పాత్ర ఒకటి కట్టారు, ఖర్చు 5 కోట్ల పెసోలు. జనం దాన్ని 'కల్దేరో' అన్నారు, అంటే వంటింటి గిన్నె. ఈ డబ్బుతో 50 తరగతి గదులొస్తాయని సెనేటర్ డ్రిలోన్ బడ్జెట్ చర్చలోనే అన్నాడు. ఫిలిప్పీన్స్ 149 స్వర్ణాలతో మొదటి స్థానంలో నిలిచేసరికి గిన్నె గొడవ చల్లారిపోయింది. గెలుపు ఆడిట్‌ని మింగేస్తుంది, నా అభ్యంతరం అదే.

ఓరుగల్లోడు

మరి ఆటలకు పైసలు యాడికెల్లి వస్తయి?

పైసాకు లెక్క

చాలావరకు జూదం నుంచి. స్పోర్ట్స్ కమిషన్‌ని పెట్టిన 1990 చట్టం ప్రకారం క్యాసినోలు నడిపే ప్రభుత్వ సంస్థ పాగ్‌కోర్ స్థూల ఆదాయంలో 5 శాతం క్రీడలకివ్వాలి. ఫోన్‌లో పేకాట ఆడి కూలి డబ్బు పోగొట్టుకునేవాడు ఒలింపిక్ ఖర్చుకి చందాదారుడన్నమాట. 2025 ఆగస్టులో కేంద్ర బ్యాంకు ఈ-వాలెట్ యాప్‌లలో జూదం లింకులు తీసేయమంది. మంచి పనే. కాకపోతే లింకు తెగినప్పుడల్లా ఆ 5 శాతమూ సన్నబడుతుంది.

మోడరేటర్

కోడిపందాల గురించి వచ్చిన మూడు పోస్టులు వేరే చర్చకు మార్చాను. సంక్రాంతి దాకా ఆగండి.

మూడో క్వార్టర్

దారి గారూ, కోర్టుని మరీ తీసిపారేస్తున్నారు. వానాకాలంలో ఆ రేకుల కింద జరగనిదేంటి? టీకాలు, శవజాగరణలు, 'ఆయుదా' క్యూలు (సర్కారు సాయం), వరదొస్తే తలదాచుకోవడం. 2013లో యోలాండా తుఫానప్పుడు తాక్లోబాన్‌లో వేలమంది చేరింది ఆస్ట్రోడోమ్ అనే కప్పున్న స్టేడియంలోనే. పేదవాడికి అద్దె కట్టకుండా దొరికే పెద్ద గది అదొక్కటే.

ఇక 'లీగా' అంటే బరంగాయ్ టోర్నీ. 8 జట్లు, జట్టుకి 12 మంది, అంటే 96 జెర్సీలు. ఒక్కో జట్టు అందరితో ఒకసారి ఆడితే 28 ఆటలు. రాత్రికి మూడు చొప్పున పది రాత్రులు. ఆటకి ఇద్దరు రిఫరీలు, బల్ల దగ్గర స్కోరర్, టైమర్. మిడ్జెట్, జూనియర్, సీనియర్ అని వయసు విభాగాలు. గొడవలు రెండిటి దగ్గరే మొదలవుతాయి: వయసు దాచడం, బయటి ఊరి నుంచి డబ్బిచ్చి ఆటగాణ్ణి దించడం. జనన ధ్రువపత్రం, నివాస రుజువు మొదటి రోజే తీసుకోకపోతే సెమీఫైనల్లో కొట్టుకుంటారు. ఇదంతా నడపడం నేర్చుకున్న కుర్రాళ్లే రేపు బరంగాయ్ నడుపుతారు.

రింగ్‌సైడ్

దీనికి డబ్బు నాయకుడి జేబులోంచే రావాలని లేదు. 'సాంగునియాంగ్ కబతాన్' అనే యువ మండలి ఉంది. బరంగాయ్ సాధారణ నిధిలో 10 శాతం దానిదే. 2015 సంస్కరణ చట్టం ప్రకారం సభ్యుల వయసు 18 నుంచి 24. అదే ఊళ్లో ఎన్నికై పదవిలో ఉన్నవాళ్లకి రెండో అంచె లోపు బంధువైతే (అమ్మానాన్నలు, తోబుట్టువులు, తాతలు లాంటివాళ్లు) పోటీకి అనర్హులు. దేశంలో వారసత్వ నిషేధం నిజంగా చట్టంలోకి ఎక్కింది మొదట ఇక్కడే, పిల్లకాయల మండలిలో. పెద్దలు తమకి పెట్టుకోని నిబంధన పిల్లలకి పెట్టారు.

పద్ధతి ఇది: మొదట 15 నుంచి 30 ఏళ్ల వాళ్ల సభ, అందులో మూడేళ్ల యువ ప్రణాళిక, దాన్నుంచి ఏడాది ఖర్చుల పట్టిక. పట్టికలో లేని పనికి డబ్బు తీయకూడదు. పాడయ్యేది సభ దగ్గరే. సభ పెట్టకుండా పాత పట్టిక మీద తేదీ మార్చేస్తారు, అందుకే ఏటా లీగా, అందాల పోటీ, మళ్లీ లీగా. 'కోచ్ గౌరవ వేతనం', 'బాక్సింగ్ చేతి తొడుగులు' అని ఒక వరుస రాయించాలంటే ఆ సభకి వెళ్లి అడగాలి. మండలి ఎన్నికలు 2026 నవంబరుకి వాయిదా వేశారు.

దావావో దారి

సభకి వెళ్లి అడగాలంటారు. రోజు కూలి మానుకుని వెళ్లేవాడికి ఆ 695 ఎవరిస్తారు?

రింగ్‌సైడ్

సభ ఆదివారం పెట్టమని అడగొచ్చు.

దావావో దారి

ఆదివారం లీగా ఉంటుంది.

పైసాకు లెక్క

మూడో క్వార్టర్ గారూ, చిన్న సవరణ. 28 లీగ్ ఆటలే. రెండు సెమీస్, ఒక ఫైనల్ కలిపితే 31. పది రాత్రులు చాలవు, పదకొండోది కావాలి, రిఫరీలకి కూడా.